మెక్సికోలో చదువుకుంటూ ఏ ఊరి సెంత్రో ముందు చూడాలి? పువెబ్లా, గ్వానహువాతో, మెక్సికో సిటీ, వహాకా

ఆగస్టులో దిగి డిసెంబరులో తిరుగు విమానం ఎక్కే విద్యార్థికి మెక్సికోలో చేతికి మిగిలే శనాదివారాలు ఎనిమిదో తొమ్మిదో. పరీక్షలు, అసైన్‌మెంట్లు, నీళ్లు పడక ఒక వారం మంచాన పడటం, ఇవన్నీ తీసేస్తే అంతే. నేను పువెబ్లాలో ఒక సెమిస్టర్ చదివాను. ఆ తర్వాత అటు వెళ్లే మన పిల్లలు ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే: ఏ ఊరి సెంత్రో ముందు చూడాలి?

సెంత్రో అంటే ఊరి పాత నడిబొడ్డు. మధ్యలో ఒక చౌకు, దాని పక్కన పెద్ద చర్చి, నాలుగు వైపులా నీడనిచ్చే వరండాలు, వాటి వెనక రెండేసి అంతస్తుల పాత ఇళ్లు. ఆ చౌకుని చాలా ఊళ్లలో సోకలో అంటారు. సెంత్రోలో మ్యూజియంలు ఎన్ని ఉన్నా జనం అక్కడే కాపురాలుంటారు, అక్కడే చెప్పులు కొంటారు, పెళ్లి బట్టలు కుట్టించుకుంటారు. అందుకే ఒకసారి చూసి వచ్చేసే చోటు కాదది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పువెబ్లాతో మొదలుపెట్టండి. మూడు రోజుల సెలవు మొదటిసారి దొరికినప్పుడు గ్వానహువాతో వెళ్లండి. మెక్సికో సిటీని ఒక్క రోజులో చూసేయాలనుకోకుండా ముక్కలు చేసుకోండి. వహాకాని చివరికి ఉంచుకోండి. వహాకా అని పలికే ఊరిపేరు బోర్డుల మీద 'ఓ' అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో 'ఎక్స్' వస్తుంది. బస్ టికెట్ కొనేటప్పుడు తికమక పడకండి.

నా పోలిక కొంచెం వేరుగా ఉంటుంది. ఏ ఊళ్లో ఎన్ని చూడదగ్గవి ఉన్నాయని లెక్క వేయను. ఆ ఊరు మనల్ని ఎలా నడిపిస్తుందో చూస్తాను. ఈ నాలుగు ఊళ్లలో నాలుగు రకాల నడక.

పువెబ్లా: గళ్ల నోటుపుస్తకం

పువెబ్లా 1531లో పుట్టింది. వెరాక్రూస్ రేవు నుంచి రాజధానికి వెళ్లే దారిలో, ఖాళీ నేల మీద, స్పానిష్ వాళ్లు తమ కోసం కొత్తగా కట్టుకున్న ఊరు. అందుకే వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. నేల దాదాపు చదును. 2,100 మీటర్ల పైన ఉంటుంది కాబట్టి మొదటి వారం కాస్త ఆయాసం వస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్లని తిప్పలు పెట్టేది వీధి నంబర్లు. మొదటి శనివారం నేను '6 ఓరియెంతె' కోసం వెతుకుతూ '6 పొనియెంతె'లో పదిహేను నిమిషాలు నడిచాను. ఒక పెంకుల దుకాణం ముందు నిలబడి ఫోన్ తిప్పుతుంటే, లోపలి పెద్దావిడ బయటికి వచ్చి "హోవెన్, ఏం వెతుకుతున్నారు?" అని అడిగింది. హోవెన్ అంటే వయసులో ఉన్నవాళ్లని పిలిచే పిలుపు, మన దగ్గర 'బాబూ, అమ్మాయ్' అన్నట్టు. ఆవిడ చాక్‌పీసు తీసుకుని గుమ్మం రాయి మీద ప్లస్ గుర్తు గీసింది. ఆ రెండు గీతలు కలిసే చోటు సోకలో వాయవ్య మూల. నిలువు గీత ఉత్తరాన 5 దె మాయో వీధి, దక్షిణాన 16 దె సెప్తియెంబ్రె. అడ్డగీత పడమర రెఫోర్మా, తూర్పున పాలాఫోక్స్. ఇక సరి సంఖ్యలన్నీ ఉత్తరానికి, తూర్పుకి. బేసి సంఖ్యలన్నీ దక్షిణానికి, పడమరకి. తూర్పు పడమరలుగా సాగే వీధి పేరు చివర ఓరియెంతె (తూర్పు) అనో పొనియెంతె (పడమర) అనో ఉంటుంది. నిలువు వీధికి నార్తె (ఉత్తరం), సూర్ (దక్షిణం).

ఇంటి నంబరు కూడా దారి చెబుతుంది. అంపారో మ్యూజియం అడ్రసు '2 సూర్, 708'. అంటే సోకలోకి తూర్పున మొదటి నిలువు వీధి, దక్షిణం వైపు, 7వ నంబరు అడ్డవీధి దాటగానే. ఈ లెక్క ఒకసారి ఒంటబట్టాక ఫోన్ జేబులోంచి తీయకుండా ఊరంతా తిరగొచ్చు. కొత్త దేశంలో, భాష సగమే వచ్చిన విద్యార్థికి ఆ ధైర్యం చాలా పెద్దది. పువెబ్లాని ముందు పెట్టడానికి నా మొదటి కారణం ఇదే.

రెండో కారణం, ఒక్కో వీధి ఒక్కో పాఠం చెబుతుంది. 6 ఓరియెంతెని మిఠాయిల వీధి అంటారు. చిలగడదుంపతో చేసి కాగితంలో చుట్టిన కమోతెలు, పైన గుమ్మడి గింజల పాకం పోసిన సాంతా క్లారా బిళ్లలు అద్దాల బీరువాల్లో పేర్చి ఉంటాయి. కన్యాస్త్రీల మఠాల వంటిళ్లలో పుట్టిన మిఠాయిలవి. అవి కొనుక్కుని నాలుగడుగులు వేస్తే 206 నంబరు ఇల్లు వస్తుంది. గోడ నిండా తూటాల గుంటలు. 1910 నవంబరు 18న అకీలెస్ సెర్దాన్ అనే విప్లవకారుడి ఇల్లు చుట్టుముట్టి పోలీసులు, సైనికులు కాల్చిన గుర్తులు. దేశమంతా తిరగబడాలని విప్లవ నాయకుడు మదెరో పెట్టిన ముహూర్తం 20వ తేదీ. పువెబ్లాలో రెండు రోజుల ముందే నెత్తురు చిందింది. నోట్లో మిఠాయి పెట్టుకుని ఆ గోడ ముందు నిలబడితే సెంత్రో అంటే ఏమిటో అర్థమవుతుంది.

5 ఓరియెంతెలో, కేథడ్రల్‌కి ఎదురుగా, పాలాఫోక్సియానా గ్రంథాలయం ఉంది. బిషప్ హువాన్ దె పాలాఫోక్స్ 1646లో తన 5,000 పుస్తకాలు ఇచ్చి మొదలుపెట్టించాడు. ఇప్పుడు 45,000 పైచిలుకు. మూడంతస్తుల దేవదారు అరలు, నేల నుంచి పైకప్పు దాకా. ఈ బిషప్పే 1649లో ఎదుటి కేథడ్రల్‌ని ప్రతిష్ఠ చేశాడు. సాంతో దొమింగో చర్చిలోని రొసారియో చాపెల్ కూడా మరిచిపోకండి. 1690లో పూర్తయింది. మామూలు చర్చిలా నడుచుకుంటూ వెళ్లి పక్కకి తిరగ్గానే గోడలు, కప్పు, స్తంభాలు అన్నీ బంగారు రేకు తాపిన గచ్చు శిల్పాలు. ఉదయం పది, పదకొండు మధ్య ఎండ పడే వేళ వెళ్లండి. ప్రార్థన జరుగుతుంటే కెమెరా తీయకండి, వెనక బల్ల మీద కూర్చోండి.

మనవాళ్లు ప్రత్యేకంగా ఆగాల్సిన చోటు ఇంకొకటుంది. విశ్వవిద్యాలయం పాత భవనం కరోలినో పక్కన లా కొంపాన్యా అనే జెస్యూట్ చర్చి. కతరీనా దె సాన్ హువాన్ అనే ఆవిడని తలుచుకునే చోటది. హిందూదేశంలో పుట్టిన పిల్ల. దొంగలు ఎత్తుకెళ్లి, కొచ్చి మీదుగా మనీలాకి చేర్చి, అక్కడి నుంచి ఓడలో అకపుల్కోకి తెచ్చి పువెబ్లాలో బానిసగా అమ్మారు. భక్తురాలిగా పేరు తెచ్చుకుని 1688లో ఇక్కడే కన్నుమూసింది. ఈ ఊరి ఆడవాళ్ల పండగ వేషం 'చీనా పొబ్లానా' ఆవిడ కట్టూబొట్టూ నుంచే వచ్చిందని జనం నమ్మకం. చరిత్రకారులు అంత దూరం ఒప్పుకోరు. కానీ ఆ ఓడల్లో మన బట్టలు వచ్చిన మాట నిజం. సెంత్రోలో ఏ బండి దగ్గరైనా ఎర్ర పూల జేబురుమాలు చూపించి పేరు అడగండి. 'పలియకాతె' అంటారు. పులికాట్ అనే ఊరిపేరే నోటికి నోటికీ తిరిగి అలా అయింది. పులికాట్ రేవు నుంచి పోయిన కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలకి అదే పేరు నిలిచింది. స్వాతంత్ర్య పోరాట నాయకుడు మొరెలోస్ ప్రతి బొమ్మలోనూ తలకి కట్టుకుని కనిపించేది అదే గుడ్డ. మా ఊళ్లకి ఇంత దగ్గరి మాట ఇంత దూరాన వినబడినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పువెబ్లాలో లోటు లేదా అంటే ఉంది. రాత్రి తొమ్మిది దాటాక చాలా వీధులు బోసిపోతాయి. సోకలో చుట్టుపక్కల, లోస్ సాపోస్ సందు దగ్గర తప్ప సందడి ఉండదు. కొండలు ఎక్కి పైనుంచి ఊరిని చూడాలనే సరదా ఉంటే ఇక్కడ తీరదు. దానికి పక్కనే ఉన్న చోలూలా వెళ్లాలి. గడ్డి కప్పిన గుట్టలా కనిపించేది నిజానికి ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద పిరమిడ్. దాని నెత్తిన చర్చి. మబ్బు లేని పొద్దున అక్కడి నుంచి పొపొకాతెపెట్ల్ అగ్నిపర్వతం పొగ కక్కుతూ కనిపిస్తుంది.

గ్వానహువాతో: దారి తప్పడానికే ఉన్న ఊరు

పువెబ్లా నేర్పిన లెక్కలు గ్వానహువాతోలో ఒక్కటీ పనిచేయవు. వెండి గనుల కోసం ఇరుకు లోయలో పుట్టిన ఊరిది. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. వీధి అనుకుని వెళ్తే మెట్లొస్తాయి. మెట్లు దిగితే ఎవరిదో వాకిలి. ఇక్కడి సందులని కయ్యహోన్ అంటారు. వాటిలో ముద్దుల సందు అనేదాంట్లో ఎదురెదురు బాల్కనీల మధ్య దూరం 70 సెంటీమీటర్లకి అటూ ఇటూ.

ఒకప్పుడు ఊరి మధ్య నుంచి నది పారేది. వరదలు ముంచెత్తుతుంటే దాన్ని దారి మళ్లించారు. ఖాళీ అయిన నదీమార్గం ఇప్పుడు భూమి కింద రోడ్డు. దానికి తోడు గనుల ఊరి పనితనంతో తవ్విన సొరంగాలు. బస్సు సొరంగంలోనే ఆపుతుంది. దిగి, తడి రాతి వాసన మధ్య మెట్లెక్కి పైకొస్తే ఎదురుగా పూల మొక్కల చౌకు. ఫోన్‌లో మ్యాపుకి కింది రోడ్డూ పై రోడ్డూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని అడ్రసుకి బదులు చౌకుల పేర్లు గుర్తుపెట్టుకోండి: ప్లాసా దె లా పాస్, హర్దీన్ దె లా ఉనియోన్, సాన్ ఫెర్నాందో. ఎవరిని అడిగినా ఒక చౌకు నుంచి ఇంకో చౌకుకి దారి చెబుతారు.

చూడాల్సినవాటిలో నాకు ముఖ్యమైంది అలోందిగా. ధాన్యపు గిడ్డంగిగా కట్టిన కోటలాంటి భవనం. 1810 సెప్టెంబరు 28న స్వాతంత్ర్య పోరాటం మొదలుపెట్టిన పాదిరీ ఇదాల్గో వెంట వచ్చిన గని కూలీలు, రైతులు దాని తలుపు కాల్చి లోపలికి చొరబడ్డారు. మరుసటి ఏడు ఇదాల్గోతో కలిపి నలుగురు నాయకుల తలలు నరికి ఇనప బోనుల్లో పెట్టి ఇదే భవనం నాలుగు మూలలకీ వేలాడదీశారు. 1821లో స్వాతంత్ర్యం వచ్చేదాకా అవి అలాగే ఉన్నాయి. ఆ కొక్కేల కింద నిలబడి పైకి చూడండి. స్వాతంత్ర్య సంబరాలు జరిగే సెప్టెంబరు 15 రాత్రి ప్రతి ఊరి చౌకులోనూ జనం ఎందుకు గొంతు చించుకుని అరుస్తారో అప్పుడు తెలుస్తుంది. చిత్రకారుడు దియేగో రివేరా 1886లో పుట్టిన ఇల్లు కూడా అక్కడికి దగ్గర్లోనే. మమ్మీల మ్యూజియం పేరు మీరు చాలాసార్లు వింటారు. నేను వెళ్లాను. ఇంకోసారి వెళ్లను, మిమ్మల్నీ వెళ్లమనను. సమాధి అద్దె కట్టలేనివాళ్ల శవాలు అద్దాల వెనక నిలబెట్టి ఉంటాయి.

ఇది విద్యార్థుల ఊరు. విశ్వవిద్యాలయం తెల్ల మెట్ల మీద సాయంత్రం కూర్చుంటే పక్కన కూర్చున్నవాళ్లే పలకరిస్తారు. రాత్రి ఎస్తుదియాంతీనా బృందాలు పాతకాలపు నల్ల దుస్తులేసుకుని, గిటార్లు వాయిస్తూ సందుల్లో జనాన్ని వెంటేసుకుని తిరుగుతాయి. స్పానిష్ సగమే అర్థమైనా వెళ్లండి. ఒక్కటి గమనించుకోండి. 1972 నుంచి ప్రతి అక్టోబరులో సెర్వంతీనో కళోత్సవం జరుగుతోంది. ఆ వారాల్లో గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. నాటకం, సంగీతం అంటే ప్రాణం పెట్టేవాళ్లు నెలల ముందే గది మాట్లాడుకుని అప్పుడే వెళ్లాలి. మిగతావాళ్లు సెప్టెంబరులోనో నవంబరులోనో వెళ్లడం మేలు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్లాలంటే ఈ ఊరు వద్దు. పువెబ్లా నుంచి ప్రయాణం కూడా దూరమే. మెక్సికో సిటీ ఉత్తర బస్టాండులో బస్సు మారాలి, రోజులో పెద్ద ముక్క దారిలోనే పోతుంది. రెండు రోజులకి వెళ్తే రెండో పూటకే తిరుగు బస్సు గురించి ఆలోచన మొదలవుతుంది. అందుకే మూడు రోజులు ఉంటేనే అన్నాను.

మెక్సికో సిటీ: లోపలికి తవ్వుకుంటూ వెళ్లడం

పువెబ్లా నుంచి బస్సులో రెండు గంటలు, రద్దీ ఉంటే ఇంకాస్త. 'కాపు' అనే పువెబ్లా బస్టాండులో ఎక్కి మెక్సికో సిటీలోని 'తాపో' బస్టాండులో దిగితే మెట్రో అక్కడే ఉంటుంది. మెట్రో టికెట్ 5 పెసోలు, మన లెక్కలో ముప్పై రూపాయల లోపే. రెండో లైనులో సోకలో స్టేషన్ మెట్లెక్కితే నేరుగా చౌకు అంచున తేలతారు.

ఈ సెంత్రోలో నేల కింద ఇంకో ఊరుంది. 1978లో కరెంటు కేబుళ్ల కోసం తవ్వుతున్న కార్మికులకి ముక్కలైన శరీరంతో చెక్కిన కొయొల్షౌకి దేవత గుండ్రటి రాయి తగిలింది. అక్కడి నుంచి ఇళ్లు ఖాళీ చేయించి తవ్వితే, స్పానిష్ వాళ్లు రాకముందటి అజ్తెక్కుల పెద్ద గుడి తెంప్లో మయోర్ మెట్లు బయటపడ్డాయి. పక్కనే ఉన్న కేథడ్రల్ కట్టడం 1573లో మొదలై 1813దాకా సాగింది. ఊరంతా ఒకప్పటి చెరువు అడుగు మీద ఉంది కాబట్టి పెద్ద భవనాలు ఒక్కోటి ఒక్కో వైపు కుంగిపోతున్నాయి. కేథడ్రల్ లోపల కప్పు నుంచి ఒక లోలకం వేలాడుతుంటుంది. భవనం ఎన్నేళ్లలో ఎటు వాలిందో దాని కింద నేల మీద గీతలు చూపిస్తాయి. ఇంజనీరింగ్ పిల్లలు అక్కడే అరగంట నిలబడిపోతారు, నాకు తెలుసు.

ఒకే రోజులో అన్నీ చూద్దామని బయలుదేరినవాళ్లు సాయంత్రానికి అలసిపోయి ఏదీ గుర్తులేక తిరిగొస్తారు. మూడు ముక్కలు చేసుకోండి. ఒకసారి తెంప్లో మయోర్, కేథడ్రల్. ఇంకోసారి కుడ్యచిత్రాలు: విద్యాశాఖ భవనంలో రివేరా వేసినవి, సాన్ ఇల్దెఫోన్సోలో ఒరోస్కో వేసినవి. మరోసారి అలమేదా పార్కు, 1934లో తెరిచిన బెయ్యాస్ ఆర్తెస్ కళామందిరం, గోడలకి పెంకులు తాపిన 'పెంకుల ఇల్లు'. ఆ ఇంటి గోడల మీది నీలి పెంకులు పువెబ్లాలో చేసే తలవేరా అనే రంగుల పూత మట్టి పెంకులే, పువెబ్లా ముందు చూసి వెళ్తే దూరం నుంచే గుర్తుపడతారు. మధ్యలో దొన్సెలెస్ వీధి పాత పుస్తకాల షాపులకి రెండు గంటలు కేటాయించండి. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాలకి అలవాటుపడినవాళ్లకి అక్కడ ఇల్లు దొరికినట్టుంటుంది.

సోకలోకి ఉత్తరాన తెపీతో అనే బస్తీ వైపు ఒంటరిగా వెళ్లకండి. మెట్రో రద్దీలో బ్యాగు ముందుకి తిప్పుకోండి. ఆడపిల్లలకి రైలు ముందు పెట్టెలు విడిగా ఉంటాయి.

వహాకా, కెరేతారో: తర్వాత

వహాకా చెడ్డదని కాదు చివరికి ఉంచుకోమంటున్నది. ఆ ఊరు నాలుక నుంచి మొదలవుతుంది, మన నాలుక అప్పటికి సిద్ధంగా ఉండాలి. లేత ఆకుపచ్చ రాయితో కట్టిన చర్చిలు, భూకంపాలకి తట్టుకునేలా లావుగా పొట్టిగా లేపిన గోడలు, సాంతో దొమింగో మఠం, కొండ మీద మోంతె అల్బాన్ శిథిలాలు, ఇవి రెండు రోజుల పని. మిగతా సమయమంతా బజారులోనే గడుస్తుంది. 20 దె నొవియెంబ్రె బజారులో మాంసం కాల్చే పొగ వరస, వేయించిన మిడతలు, ఏడు రకాల మోలె అనే చిక్కటి పులుసు, నీళ్లలో చిలికిన చాక్లెట్. శాకాహారులు త్లయూదా అనే పెద్ద పలచటి రొట్టె తెప్పించుకుని 'సిన్ అసియెంతో' అని చెప్పాలి, లేకపోతే అడుగున పంది కొవ్వు పూస్తారు. పువెబ్లా నుంచి బస్సు నాలుగున్నర గంటలు. నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండగకి వెళ్తే జ్ఞాపకం జీవితాంతం ఉంటుంది, ఖర్చు మాత్రం రెట్టింపు.

కెరేతారో అని ఇంకో ఊరుంది, శుభ్రంగా, చదునుగా, నెమ్మదిగా ఉంటుంది. 74 కమానుల నీటి వంతెన అందంగా ఉంటుంది. ఇంటి నుంచి పెద్దవాళ్లు వస్తే తీసుకెళ్లడానికి నేను ఎంచుకునే ఊరు ఇదే. విద్యార్థి మొదటి ప్రయాణానికి చాలదు.

ఎవరికి ఏది

అమెరికాలో చదువుతూ వసంత సెలవుల్లో వారం రోజులకి వచ్చే మనవాళ్లు చాలామంది ఉన్నారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. తిరిగి వెళ్లేటప్పుడు అడుగుతారు కాబట్టి అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ముందే చేయించుకోండి. మీకు నా సలహా: మూడు రోజులు మెక్సికో సిటీ, మూడు రోజులు పువెబ్లా. గ్వానహువాతోని ఇరికించకండి.

మెక్సికోలోనే చదివేవాళ్లు మీ ఊరి సెంత్రోతోనే మొదలుపెట్టాలి, అది ఏ ఊరైనా సరే. నేను పైన చెప్పిన వరస ఆ తర్వాతిది. తెలిసిన ఒక సెంత్రో ఉంటే మిగతావన్నీ దానితో పోల్చుకుంటూ త్వరగా అర్థమవుతాయి. ఉత్తరాన మోంతెర్రెయ్‌లో ఉన్నవాళ్లకి మాత్రం ఈ ఊళ్లన్నీ దూరమే, పొడుగు సెలవు దాకా ఆగండి.

గైడు వెంట వెళ్లాలా, సొంతంగానా అని అడుగుతారు. గ్వానహువాతోలో మొదటి పూట గైడుతో నడిస్తే తర్వాత రెండు రోజులూ హాయి. టిప్ మాత్రమే తీసుకునే నడక గైడులు చౌకుల దగ్గర ఉంటారు. తృప్తిగా ఇవ్వండి, వాళ్లలో చాలామంది విద్యార్థులే. పువెబ్లాలో గైడు అక్కర్లేదు. పైన కప్పులేని టూరిస్టు బస్సు పువెబ్లాలో దండగ, మెక్సికో సిటీలో ఒకసారి పనికొస్తుంది.

ఏ రోజు వెళ్లాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రోజంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. సోమవారం చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి, అంపారో మాత్రం మంగళవారం మూస్తారు. ప్రభుత్వ మ్యూజియంలు ఆదివారం దేశ పౌరులకి, రెసిడెంట్ కార్డు ఉన్న విదేశీయులకి ఉచితం. దానివల్లే ఆదివారం కిటకిటలాడతాయి. నేను మ్యూజియంలకి శనివారం ఉదయం వెళ్లి, ఆదివారాన్ని బజార్లకి ఉంచుకునేదాన్ని. మెక్సికో విశ్వవిద్యాలయం ఐడీ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకుని, టికెట్ కౌంటర్లో "ఆయ్ దెస్కువెంతో పారా ఎస్తుదియాంతెస్?" అని అడగండి. విద్యార్థులకి తగ్గింపు ఉందా అని. అడగందే ఎవరూ చెప్పరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి వాన దాదాపు ఖాయం. బయట తిరగాల్సినవి పొద్దున, కప్పు కింద చూడాల్సినవి సాయంత్రం పెట్టుకోండి.

తిండి

అసలు భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య. సెంత్రో పక్క వీధుల్లో 'కొమీదా కొర్రీదా' అని పలక మీద రాసి ఉన్న చిన్న హోటల్లో సూప్, అన్నం, ఒక కూర, తాగడానికి ఏదో ఒక పళ్లరసం కలిపి ఒకే ధరకి పెడతారు. చౌకు ఎదురుగా కుర్చీలేసిన హోటళ్లకంటే సగానికి సగం తక్కువ.

మాటలు నేర్చుకోవాలి. రెస్ అంటే పశుమాంసం, సెర్దో లేదా పువెర్కో అంటే పంది, పొయ్యో అంటే కోడి. 'మాంసం లేకుండా' అని చెబితే కోడి ముక్కలు వేసి తెచ్చిన హోటళ్లున్నాయి, వాళ్ల దృష్టిలో కోడి మాంసం కిందకి రాదు. అన్నం కోడి పులుసులో ఉడికిస్తారు, బీన్స్ మాంతెకా అనే పంది కొవ్వులో వేయిస్తారు. పూర్తి శాకాహారులు ఈ రెండూ అడిగి తెలుసుకోండి. ఈ విషయంలో పువెబ్లా, మెక్సికో సిటీ సుఖం, వహాకా కష్టం. గుమ్మడి పూల కెసదీయా, నొపాలెస్ అనే నాగజెముడు కూర, బంగాళదుంప తాకోలు దొరుకుతాయి. మాంసాహారులు పువెబ్లాలో తాకోస్ ఆరబెస్ తప్పక తినండి. మధ్యప్రాచ్యం నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన వంట అది. పంది మాంసమని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రతి బజారులోనూ గాజు జాడీల్లో ముదురు ఎరుపు పానీయం ఉంటుంది. ఆగ్వా దె హమాయికా. మొదటిసారి తాగినప్పుడు ఆ పులుపు ఎక్కడో తెలిసినట్టే అనిపించి, ఎండు పువ్వులు చూపించమన్నాను. మన ఎర్ర గోంగూర మొక్క కాయల మీది ఎర్ర రేకులవి. బజారులో కిలోల లెక్కన అమ్ముతారు. నేను వంద గ్రాములు కొనుక్కెళ్లి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పచ్చడి నూరాను. ఆకు పచ్చడంత రాదు, కానీ ఆ రాత్రి అన్నంలోకి చాలా బాగుంది.

పువెబ్లాలో మొదటి శనివారం

ఎంపిక అయిపోయి పువెబ్లాకే వస్తే ఈ వరసలో నడవండి. తొమ్మిదిన్నరకి సోకలో. పదికి సాంతో దొమింగో, ఎండ లోపలికి వచ్చే వేళ. అక్కడి నుంచి 6 ఓరియెంతె మీద మిఠాయిలు, తూటాల గోడ. పరియాన్ బజారు మీదుగా లా కొంపాన్యా చర్చి, కతరీనా. రెండింటికి భోజనం. తర్వాత పాలాఫోక్సియానా. లోస్ సాపోస్‌లో వారాంతాల్లో పాత సామాన్ల సంత ఉంటుంది, తలవేరా పెంకులు కొనాలనిపిస్తే ఆగి వెనక్కి తిప్పి చూడండి. అసలు తలవేరాకి అడుగున పనిశాల పేరు చేత్తో రాసి ఉంటుంది, తెలుపు పాల మీగడ రంగులో ఉంటుంది, నీలం మీద వేలు రాస్తే కాస్త ఎత్తుగా తగులుతుంది. చవగ్గా, పేరు లేకుండా, మెరిసే తెలుపుతో ఉన్నది మామూలు పింగాణీ. ఇంటికి తీసుకెళ్లడానికి అదీ బాగానే ఉంటుంది, తలవేరా ధర మాత్రం ఇవ్వకండి.

ఆరింటికి ముందే అంపారో మ్యూజియం లోపలికి వెళ్లి నేరుగా డాబా మీదకి ఎక్కండి. ఎదురుగా కేథడ్రల్ గుండ్రటి గోపురం మీది పెంకులు, రెండు శిఖరాలు. గంటలు రెండింటిలో ఒక దాంట్లోనే ఉన్నాయి. ఆరు గంటలకి అవి మోగేటప్పటికి గాలి చల్లబడుతుంది, స్వెటర్ దగ్గర పెట్టుకోండి.